జూరకాన్ దింపిన బొంతలు

జూరకాన్ ఇంట్లో గుమ్మానికి ఎదురుగోడ కింద ఒక చెక్కపెట్టె ఉంటుంది. దానిమీద బొంతలు మడతపెట్టి, ఒకదానిమీద ఒకటి, ఇంటికప్పును దాదాపు తాకేటంత ఎత్తున పేర్చి ఉంటాయి. ఆ దొంతరను జూక్ అంటారు. ఆ ఊళ్ళో ఆడవాళ్ళు ఎవరింటికి వెళ్ళినా గుమ్మంలో చెప్పులు విప్పుతూనే ముందు జూక్‌కేసి చూస్తారు, ఆ తరవాతే ఇంటావిడ మొహంకేసి. జూరకాన్ జూక్‌లో ఎర్ర మఖమలుది ఉంది, ఊదారంగు పట్టుది ఉంది, రంగురంగుల గుడ్డముక్కలు కలిపి ముగ్గులా కుట్టినవి ఉన్నాయి. లోపల అంతా బాగా ఏకిన గొర్రె ఉన్ని. చెయ్యి వేసి నొక్కితే మెల్లగా దిగి, మెల్లగా పైకి లేస్తుంది.

వాటిమీద ఆ ఇంటివాళ్ళు పడుకోరు. అవి వచ్చేవాళ్ళవి. పెళ్ళిమాటలకు వచ్చేవాళ్ళు, చావుకు వచ్చేవాళ్ళు, కనుమదారి మంచుతో మూసుకుపోయి ఆగిపోయినవాళ్ళు, ఎవరు వచ్చినా జూక్ దిగుతుంది. వాళ్ళు వెళ్ళగానే మళ్ళీ ఎక్కుతుంది. ఇంటివాళ్ళవి వేరే ఉంటాయి, ఏళ్ళతరబడి ఒళ్ళు మోసి మోసి అప్పడాల్లా అయిపోయిన బొంతలు. యాభై దాటిన జూరకాన్ ముప్ఫై ఏళ్ళుగా అలాంటి ఒక అప్పడం మీదే పడుకుంటోంది, నడుము నొప్పితో.

నొప్పి ఎప్పుడు మొదలైందని అడిగితే ఆమె సరిగ్గా చెప్పలేదు. పెళ్ళికి ముందు సమష్టి పొలంలో పాలు పితికేది. చలికాలం తడి కొట్టంలో కూర్చుని పితకడం, నిండు బకెట్లు మొయ్యడం. పెళ్ళయ్యాక కాలవ నుంచి నీళ్ళు. ఎండాకాలం వస్తే నలుగురాడవాళ్ళు మోకాళ్ళమీద వరసగా కూర్చుని, తడి ఉన్నిని చాపలో చుట్టి, మోచేతులతో దొర్లిస్తూ దుప్పటిగా ఒత్తడం. ఎక్కడో ఒకచోట నడుములో ఏదో తప్పింది. మొదట్లో నొప్పి వచ్చి పోతుండేది. తరవాత పోవడం మానేసింది.

అలాగని ఆమె మొత్తం దానికే వదిలేసి కూర్చున్న మనిషి కాదు. తనకంటూ కొన్ని సుఖాలు చాటుగా అలవాటు చేసుకుంది. ఒంటె ఉన్నితో అల్లిన పట్టీ గౌను కింద ఎప్పుడూ ఉండేది. రాళ్ళఉప్పు మూకుట్లో వేయించి, పాత మేజోడులో పోసి, వంటచేస్తూనే నడుముకీ గోడకీ మధ్య దాన్ని ఇరికించుకునేది. ఏటా బంగాళాదుంపలు తవ్వడం అయిపోయాక, పక్కింటి సోనున్‌ను తోడు తీసుకుని కొండ లోయలో వేడినీళ్ళ ఊటకు వెళ్ళేది. అక్కడ మెడదాకా మునిగి కూర్చుంటే తనకు వెన్నెముక ఉన్న సంగతే మరిచిపోవచ్చు. ఇక అన్నిటికన్నా ఇష్టమైనది పొద్దుటి టీ. ఆవును పితికి వచ్చాక, ఇంకా ఎవరూ లేవకముందే, పొయ్యిగోడకు వీపు ఆనించి కూర్చుని, మీగడ ఎక్కువగా వేసుకుని, పక్కన నేరేడంత ముద్ద ఆప్రికాట్ జామ్ పెట్టుకుని తాగే మొదటి కప్పు. దాన్ని తాగేటప్పుడు ఆమెకు ఎవరిదో దొంగిలించినట్టుండేది. అందుకే ఇంకా రుచిగా ఉండేదేమో.

ఆ ఏడాది ఆప్రికాట్ చెట్లు పూసే వేళకు నొప్పి ఎడమకాలిలోకి దిగింది. భర్త ఇమానాలి ఆమెను పట్నం తీసుకెళ్ళాడు. చిన్న వయసు డాక్టరమ్మ ఎక్స్‌రే ఫిల్మును వెలుగుకు పట్టి చాలాసేపు చూసింది.

"ఇది పూర్తిగా పోయేది కాదు ఎజే," అంది. తమకన్నా పెద్ద ఆడవాళ్ళను అక్కడ అందరూ అలాగే పిలుస్తారు. "దీంతో కలిసి బతకడం నేర్చుకోవాలి. బరువులెత్తకండి. చలి తగలనివ్వకండి. రాత్రిళ్ళు దేనిమీద పడుకుంటారు?"

"నేలమీద, బొంత వేసుకుని."

"ఎంత మందం ఉంటుంది?"

జూరకాన్ బొటనవేలూ చూపుడువేలూ దగ్గర పెట్టి చూపించింది. మధ్యలోంచి వెలుగు కూడా సరిగ్గా దూరడం లేదు.

"ఇంట్లో ఇంతకన్నా మంచివి లేవా?" అని, జవాబు రాకముందే డాక్టరమ్మ నవ్వేసింది. "ఎందుకుండవు. మా అమ్మ ఇంట్లోనూ ఉన్నాయి, కప్పుదాకా. నా మాట విని నాలుగు దింపుకోండి."

జూరకాన్ ఇంటికి వచ్చాక కొన్నాళ్ళపాటు పని మధ్యలో ఆగి ఆగి జూక్‌ను చూస్తూ ఉండేది.

"ఏంటే ముసలీ అలా చూస్తావు, మీద పడుతుందనా?" అన్నాడు ఇమానాలి ఒకరోజు పొద్దున్న.

"దింపుదామనుకుంటున్నా."

"ఎవరొస్తున్నారు?"

"ఎవరూ రావట్లేదు."

ఆయన రొట్టె నములుతూ నములుతూ ఆగాడు. ఆమె నడుముకేసి చూశాడు, జూక్‌కేసి చూశాడు. "అక్క ఏమంటుందో," అన్నాడు. కాదు అనడం ఆయనకు రాదు, అవును అనడమూ రాదు. కానీ స్టూలు తెచ్చుకుని ఎక్కి, పైనుంచి ఒక్కొక్కటే, సగందాకా దింపాడు. మడతల్లోంచి పాత ఉన్ని వాసన వచ్చింది. అవన్నీ మోసుకెళ్ళి కంచెమీద ఆరేశాడు. వంగి దులపడం జూరకాన్ వల్ల కాదు గనక విల్లో బెత్తం తనే తీసుకుని దులిపాడు. ఆ చప్పుడు వీధి చివరిదాకా వినిపించింది.

వచ్చిన చిక్కల్లా అదే. జూక్ గాలికి వేసేది ఎండాకాలంలో, గొర్రెలు కొండెక్కాక. చెట్లు పూసేవేళ వేశారంటే ఆ ఇంటికి ఎవరో పెద్దవాళ్ళు వస్తున్నట్టు. పైగా మగాడు నిలబడి దులుపుతున్నాడంటే అది మామూలు రాక కాదు. వాళ్ళబ్బాయి ఎల్‌దియార్ రాజధానిలో వెల్డింగ్ పని చేస్తున్నాడు, పెళ్ళీడు దాటిపోతోంది.

కంచె అవతలినుంచి సోనున్ తల పెట్టింది. "ఎజే, ఎవరొస్తున్నారు?"

"ఎవరూ లేరు. కాస్త గాలి తగలాలని."

సోనున్ గొంతు తగ్గించింది. "సరే, నేనేం అడగలేదు. పిల్లది ఏ ఊరో అదొక్కటి చెప్పు. నా నోరు దాటదు."

"పిల్లా లేదు, ఎవరూ లేరు సోనున్."

"అలాగే అనాలిలే. మా పెద్దదాని పెళ్ళప్పుడు నేనూ నీతో ఇలాగే అన్నాను."

అది నిజమే. దిష్టి తగులుతుందని పెళ్ళిమాట ముందుగా ఎవరూ ఒప్పుకోరు. కాదు అన్నకొద్దీ అవునని నమ్ముతారు. మధ్యాహ్నానికల్లా ఒకావిడ గిన్నెలో వెన్న తెచ్చింది. ఇంకొకావిడ నూనెలో వేయించిన పిండిముక్కలు, బోర్సోక్‌లు, పళ్ళెంనిండా తెచ్చి, పిండి కలపడానికి మనుషులు కావాలంటే తన కోడళ్ళను పంపుతానంది. గొర్రెను ఎంచారా అని ఒక ముసలాయన దారిలో ఇమానాలిని ఆపి అడిగాడు. ఇమానాలి ట్రాక్టరు ఎక్కి పొలానికి పోయాడు, ఆరోజు పొలంలో ఏ పనీ లేకపోయినా.

ఫోను మోగింది. ఎల్‌దియార్.

"అమ్మా, నాకు పెళ్ళంటగా."

"ఎవరు చెప్పార్రా?"

"మనూరివాళ్ళే, ఇక్కడ ఇద్దరు. పిల్ల బావుంటుందా?"

"పనికి పో."

"కాదమ్మా, నేను రావాలా, లేకపోతే మీరే కానిచ్చేస్తారా?"

జూరకాన్‌కు నవ్వొచ్చింది. నవ్వు నడుముకు పట్టేసింది. బల్ల అంచు పట్టుకుని నిలదొక్కుకుంది. బొంతలు నాకోసంరా అని చెప్పబోయింది. కొడుకుతో అలాంటిది ఎలా చెప్పాలో ఆమెకు తెలియలేదు. "వచ్చినప్పుడు చెప్తాలే," అని పెట్టేసింది.

ఇప్పటికీ మించిపోయింది లేదు. బొంతలు మడిచి మళ్ళీ ఎక్కించేస్తే, గాలికే వేశానన్న మాట సాయంత్రానికి నిజమైపోతుంది. నలుగురు నాలుగు రోజులు నవ్వుకుని ఊరుకుంటారు. తనకు మాత్రం ఆ అప్పడమూ, తెల్లవార్లూ ఇటు దొర్లడమూ అటు దొర్లడమూ మిగులుతాయి. ఎక్కించే ముందు ఒక్కసారి పడుకుని చూద్దామనుకుంది. కిటికీ కింద ఎండ పడేచోట పొలానికి పోయేముందు ఇమానాలి కంచెమీంచి తెచ్చి పడేసిన బొంతలను ఒకదానిమీద ఒకటి పరిచింది. అన్నిటికన్నా పైన ఎర్ర మఖమలుది. మెల్లగా పక్కకు ఒరిగింది.

కింద ఉన్ని ఇంకా ఎండ వేడితో ఉంది. అది నడుము కిందికి, ఎప్పుడూ ఏదీ ఆనని ఆ గుంటలోకి, తనంతట తానే వచ్చి ఆనింది. కుట్టిన రోజుల్లో ఎవరెవరి నడుములకోసమో తనే ఆ ఉన్నిని సమంగా సర్దింది. ఆ సర్దిన తీరు ఎంత బావుందో ఇప్పుడే తెలిసింది. కాలిలో నొప్పి ఉంది, కానీ దూరం జరిగింది, పక్కగదిలో ఎవరో మాట్లాడుతున్నట్టు. ఇంకాసేపట్లో లేచి మడిచేద్దామనుకుంటూ నిద్రపోయింది.

కళ్ళు తెరిచేసరికి గుమ్మంలో కనిషాయ్ నిలబడి ఉంది. ఇమానాలి అక్క. భర్త పోయాక పక్కఊళ్ళో కూతురి దగ్గర ఉంటుంది. తల్లి పోయిన తరవాత పుట్టింటి మర్యాద తన బాధ్యతేనని పెట్టుకున్న మనిషి. వచ్చినప్పుడల్లా జూక్‌మీద చెయ్యి వేసి, ఒత్తి చూసి, అప్పుడు కూర్చుంటుంది. భర్త తరఫు పెద్దల పేరు ఎత్తకూడదు గనక, కాపురానికి వచ్చింది మొదలు జూరకాన్ ఆమెను ఎజే అనే పిలిచింది. కనిషాయ్ ఆమెను కోడలా అంటుంది. ఆ ఇంట్లో ముసలిదైనా కోడలు కోడలే.

కనిషాయ్ చేతిలో మిఠాయిల సంచీ, కొత్త తెల్లటి తలగుడ్డ ఉన్నాయి. కొత్త పెళ్ళికూతురు గడప దాటగానే తలకు చుట్టే గుడ్డ. అక్కడ పిల్లను ముందే ఇంటికి తెచ్చేసుకుని, పెళ్ళి ఆ తరవాత చేయడమూ ఉంది.

"పిల్ల ఏది?" అంది.

"ఏ పిల్ల ఎజే?"

"కబురు మా ఊరిదాకా వచ్చింది. బస్సు దిగుతుంటేనే ఊరంతా నాకు శుభం చెప్పింది. ఇంట్లోకొస్తే జూక్ సగానికి దిగుంది. నువ్వేమో పట్టపగలు వాటిమీద పడుకుని ఉన్నావు. పిల్ల ఏదీ అంటే ఏ పిల్ల అంటావు."

పెద్దావిడ నిలబడి ఉండగా కోడలు పడుకుని ఉండటం. జూరకాన్ మొహం వేడెక్కింది. గబుక్కున లేవాలి. కానీ గబుక్కున లేవడం అనేది ఆమె శరీరంలో లేదు. ముందు ఎడమపక్కకు దొర్లింది. మోకాళ్ళు రెండూ పొట్టదగ్గరికి లాక్కుంది. అరచెయ్యి ఆనించి ఒళ్ళు సగం లేపి, అక్కడ ఆగి, ఊపిరి బిగబట్టింది. తరవాత మోకాళ్ళమీద పాకుతూ పెట్టెదాకా వెళ్ళి, దాని అంచు పట్టుకుని, ఒక్కో కాలూ కిందికి తెచ్చుకుని, వంగిన నడుమును తొడలమీద చేతులతో కొంచెం కొంచెంగా ఎత్తుకుంది. నుదుటిమీద చెమట పట్టింది.

కనిషాయ్ తలగుడ్డ పట్టుకుని అంతా చూసింది.

"ఏం చేస్తున్నావు?"

"లేస్తున్నా ఎజే."

"రోజూ ఇలాగే లేస్తావా?"

"పొద్దున్న ఇంకా కష్టం. సాయంత్రానికి కాస్త నయం."

"నేనెప్పుడూ చూడలేదే."

"మీరు లేచేసరికి నేను లేచే ఉంటాను కదా."

జూరకాన్ దాన్ని దెప్పుదామని అనలేదు. ఉన్నమాట అంది. కోడలు అందరికన్నా ముందు లేచి, టీకి నీళ్ళు కాచే సమోవార్ రాజెయ్యాలి. అలా ముప్ఫై ఏళ్ళలో ఆమె లేవడం ఆ ఇంట్లో ఎవరికీ కనబడలేదు. భర్తకు కూడా. ఆయన ఒకసారి పడుకుంటే పిడుగు పడినా కదలడు.

కనిషాయ్ కూర్చుంది. ఈసారి జూక్‌ను ఒత్తి చూడలేదు. "మా అమ్మ నిన్ను నెమ్మదైన పిల్ల అనేది," అంది. "నేను బద్ధకం అనేదాన్ని."

"వినేదాన్ని ఎజే."

"వింటే చెప్పాలి కదా."

కనిషాయ్ కిటికీ కింది పక్కకేసి చూసింది.

"మరి ఈ బొంతలు?"

"నాకోసమే దింపాను." ఆ మాట ఇప్పుడు బయటికి వచ్చింది, చిన్నగానే అయినా. "డాక్టరు చెప్పింది. ఇంక మళ్ళీ ఎక్కించను." ఆ చివరి మాట తన నోట్లోంచే వచ్చిందా అని తనకే అనుమానం వేసింది.

కనిషాయ్ మొహం బిగుసుకుంది. "అమ్మ కుట్టినవి కూడానా?"

"అత్తయ్యవి అడుగున ఉన్నాయి. వాటి జోలికి పోలేదు. ఇవన్నీ నేను కుట్టినవే."

"వచ్చేవాళ్ళకోసం కుట్టావు."

"అవును. వాళ్ళకింకా సగం ఉన్నాయి."

"రేపు నిజంగానే పిల్లతరఫువాళ్ళు వచ్చి, ఈ పొట్టి జూక్ చూసి ఏమనుకుంటారు?"

"నడుంనొప్పి మనిషి ఉన్న ఇల్లు అనుకుంటారు."

కనిషాయ్ ముక్కుతో ఒక శబ్దం చేసింది. అది కోపమో నవ్వో తెలియలేదు. తలగుడ్డను మళ్ళీ మడతపెట్టి సంచీలో దోపింది. "బస్సులో అందరికీ చూపించాను కూడా," అని గొణిగింది.

ఇమానాలి వచ్చి, అక్కను చూసి, ఆవుకు గడ్డి వెయ్యాలని మళ్ళీ బయటికి పోయాడు. కొట్టంలో చాలాసేపే ఉన్నాడు. భోజనాలు మామూలుగానే అయ్యాయి. టీ పోసేటప్పుడు జూరకాన్ లేచిన ప్రతిసారీ కనిషాయ్ కళ్ళు ఆమె వెంట వెళ్ళాయి.

పక్కలు వేసే వేళకు అసలు కష్టం వచ్చిపడింది. ఎవరూ రావట్లేదని పొద్దున్నుంచీ చెబుతున్న ఇంటికి ఒక అతిథి వచ్చి కూర్చుంది. అతిథికి ఇంట్లోకెల్లా మందమైనవి, మెత్తనివి వెయ్యాలి. అవి కిటికీ కింద ఉన్నాయి. జూరకాన్ చెయ్యి అలవాటుగా వెళ్ళి ఎర్ర మఖమలు అంచు పట్టుకుంది. ఇవాళ ఇచ్చేస్తే సరిపోతుంది, రేపు మళ్ళీ వేసుకోవచ్చు అనుకుంది. అనుకుంటూనే ఆమెకు తెలిసిపోయింది. ఇవాళ ఇస్తే ఇక వేసుకోదు. రేపు ఇంకెవరో వస్తారు. ఎవరో ఒకరు ఎప్పుడూ వస్తూనే ఉంటారు.

చెయ్యి వెనక్కి తీసుకుంది. "ఇదిగో, ఆ అడుగువి తియ్యి," అంది ఇమానాలితో. ఆయన అక్కవైపు ఒకసారి, భార్యవైపు ఒకసారి చూసి, తీశాడు. గోడకింద గౌరవస్థానంలో అత్తగారి బొంతలు ఎత్తుగా పరిచింది జూరకాన్.

కనిషాయ్ వచ్చి వాటిమీద అరచెయ్యి వేసింది.

"ఉండలు కట్టాయి."

"వేసంగిలో విప్పించి ఏకిస్తాను ఎజే. నేను ఏకలేను, ఎవరిచేతైనా."

కనిషాయ్ కిటికీవైపు చూసింది. "నీది ఎలా ఉంది?"

"బావుంది."

"బావుంటుందిలే," అంది ఆమె. తల్లి కుట్టిన కుట్లమీద వేలు కాసేపు నడిపించి, గోడవైపు తిరిగి పడుకుంది. ఆ తిరగడం చూసి, పొద్దున్నే మాట లేకుండా బస్సెక్కి వెళ్ళిపోతుందనుకుంది జూరకాన్. అలా అనుకుంటూనే నడుము ఉన్నిలోకి దిగింది. ఎంతసేపు బాధపడాలని చూసినా నిద్ర ఆగలేదు.

మెలకువ వచ్చేసరికి కిటికీనిండా ఎండ. పెరట్లో సమోవార్ మూత చప్పుడు. తడిసిన పుల్లల్ని ఎవరో తిడుతున్నారు. పెద్దావిడ పొగలో కూర్చుని ఉంది, కోడలు పక్కమీద ఉంది. జూరకాన్ ఎడమపక్కకు దొర్లింది. మోకాళ్ళు లాక్కుంది.

గేటు దగ్గర సోనున్ గొంతు వినిపించింది. "మంచిరోజు ఎజే. ఇంకొంచెం వెన్న తెచ్చాను. పిల్ల లేచిందా?"

"మెల్లగా మాట్లాడు. జూరకాన్ పడుకుంది."

"ఈ వేళదాకానా? ఒంట్లో బాలేదా?"

"ముప్ఫై ఏళ్ళనుంచి బాలేదట. నువ్వు వేడినీళ్ళకి వెంట వెళ్తావు కదా, నీకు తెలీదా?"

"నడుం పట్టేస్తుందని తెలుసు. ఇంతని తెలీదు. మరి పిల్ల?"

"పిల్లా లేదు, ఏమీ లేదు. బొంతలు ఆవిడకోసం. ఎవరడిగినా నేను చెప్పానని చెప్పు. వెన్న తీసుకుపో." ఒక్క క్షణం ఆగింది. "వద్దులే, ఉంచు. రొట్టెలోకి పనికొస్తుంది."

జూరకాన్ మోకాళ్ళు దగ్గరపెట్టుకుని అలాగే విన్నది. అరచెయ్యి ఆనించింది, ఒళ్ళు లేపడానికి. ఆ తరవాత చెయ్యి తీసేసింది. కాళ్ళు మెల్లగా చాపుకుని, దుప్పటి భుజంమీదికి లాక్కుంది.

కనిషాయ్ కప్పు పట్టుకుని లోపలికి వచ్చింది. కళ్ళు పొగకు ఎర్రబడ్డాయి.

"కదలకు. నువ్వు లేవడం పొద్దున్నే చూడలేను. పడుకునే తాగు."

టీ బాగా నల్లగా ఉంది, పాలు తక్కువయ్యాయి. మీగడ ఎక్కడుంటుందో ఆమెకు తెలిసినట్టు లేదు. జూరకాన్ మోచెయ్యి మీద కొంచెం లేచి, ఆఖరి గుక్కదాకా తాగింది. కనిషాయ్ పక్కనే కూర్చుని చూస్తోంది, ఎవరి కప్పు ఖాళీ అవుతుందా అని సమోవార్ దగ్గర కోడలు కూర్చున్నట్టు.

జూరకాన్ ఖాళీ కప్పు ముందుకు చాపింది.

"ఇంకొంచెం పొయ్యండి ఎజే," అంది.